మెకానిక్స్ కోర్సు తిరగరాసే ముందు ముప్పై ప్రశ్నలు: ఫిజ్‌పోర్ట్, ఎఫ్‌సీఐల సమీక్ష

సిలబస్ మార్చాలనగానే మన డిపార్టుమెంట్లలో జరిగేది దాదాపు ఒకటే. పాత సిలబస్ కాగితం బల్ల మీదకొస్తుంది. ఐదు యూనిట్లు ఐదుగానే ఉంటాయి. ఒక యూనిట్లో రెండు టాపిక్కులు చేరతాయి, ఇంకో యూనిట్ చివర ఒకటి ఎగిరిపోతుంది, రిఫరెన్సు పుస్తకాల ఎడిషన్లు మారతాయి. యూనిట్‌కొక కోర్సు అవుట్‌కమ్ (కోర్సు అయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే వాక్యం, పొట్టిగా సీఓ) చొప్పున రాసి, వాక్యం చివర ‘వివరించగలరు’, ‘విశ్లేషించగలరు’ అని ఒక క్రియ తగిలిస్తే సిలబస్‌ను ఆమోదించే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సంతకాలైపోతాయి. ఏ నాలుగైదు భావనలు పట్టుబడకపోతే మిగతాదంతా బట్టీ అవుతుందన్న ప్రశ్న ఆ బల్ల దగ్గర లేవదు. లేచినా జవాబు చెప్పడం కష్టమే. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లకు ఆ భావనలు ఊపిరి తీసుకున్నంత సహజమైపోయి ఉంటాయి. విద్యార్థి ఎక్కడ ఆగిపోతున్నాడో వాళ్ల కంటికి ఆనదు.

మెకానిక్స్ విషయంలో ఆ జవాబు వెతికిపెట్టే పనిముట్టు ఒకటి ఉంది. ఖర్చు లేదు, ఒక గంట క్లాసు చాలు. ఫిజ్‌పోర్ట్ అనే వెబ్‌సైట్లో దొరికే ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ, పొట్టిగా ఎఫ్‌సీఐ. డిగ్రీ మొదటి సెమిస్టరు మెకానిక్స్‌కు, ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫిజిక్స్‌కు, ఇంజనీరింగ్ మెకానిక్స్‌కు ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ మోసపోతామో చూద్దాం.

ఎఫ్‌సీఐని డేవిడ్ హెస్టెనీస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్ 1992లో ప్రచురించారు. అంతకుముందు 1985లో ఇబ్రహీం హలూన్‌తో కలిసి హెస్టెనీస్ తయారుచేసిన పరీక్ష దీనికి మూలం. 1995లో సవరించిన రూపమే ఇప్పుడు అందరూ వాడుతున్నది. మొత్తం 30 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు, సమయం 30 నిమిషాలు. లెక్కలు లేవు, ఫార్ములాలు లేవు, కాలిక్యులేటర్ అక్కర్లేదు. గతిశాస్త్రం, న్యూటన్ మూడు నియమాలు, బలాల అధ్యారోపణ (చాలా బలాలు కలిసి పనిచేయడం), బలాల రకాలు అనే ఆరు కోణాల్లో ప్రశ్నలుంటాయి. తయారుచేసినవాళ్లు తప్పు ఆప్షన్లను ఊహించి రాయలేదు. ముందు విద్యార్థులతో మాట్లాడి, వాళ్లు నిజంగా నమ్మే తప్పుల్నే ఆప్షన్లుగా పెట్టారు. ఏ తప్పు ఆప్షన్ వెనక ఏ అపోహ ఉందో పట్టిక వేసి మరీ ఇచ్చారు. ఈ పరీక్ష విలువంతా ఆ తప్పు ఆప్షన్లలో ఉంది. సరైన జవాబులు మాత్రమే లెక్కబెట్టి పక్కన పెట్టేసేవాళ్లకు దీని ప్రయోజనం సగం కూడా అందదు.

ఫిజ్‌పోర్ట్‌ను నడిపేది అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్. ఎఫ్‌సీఐ లాంటి పరీక్షలు అందులో చాలానే ఉన్నాయి. ఒక్కోదానితో పాటు ఎలా పెట్టాలో, ఎలా దిద్దాలో చెప్పే గైడు ఇస్తారు. అకౌంట్ ఉచితం. కానీ అకౌంట్ తెరిచినంత మాత్రాన ప్రశ్నపత్రం దిగదు, మీరు టీచరేనని వాళ్లు నిర్ధారించుకోవాలి. ఇక్కడే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. సొంత జీమెయిల్‌తో అర్జీ పెట్టి, ఆధారం కింద ఏమీ ఇవ్వకపోతే అది ముందుకు కదలదు. కాలేజీ డొమైన్ ఉన్న మెయిల్ వాడండి. మీ పేరు, హోదా కనిపించే కాలేజీ వెబ్‌సైట్ పేజీ లింకు ఇవ్వండి. అలాంటి పేజీ లేకపోతే ముందు హెచ్‌ఓడీకి చెప్పి పెట్టించుకోండి. మనిషి చూసి ఆమోదించే పని కాబట్టి సెమిస్టరు మొదలయ్యే వారంలో కాకుండా రెండు మూడు వారాల ముందే అడగాలి.

ఇంత కట్టడి ఎందుకని విసుక్కోవద్దు. ప్రశ్నలు బయటికి పొక్కితే పరీక్ష చచ్చిపోతుంది. జవాబులు బట్టీపట్టిన క్లాసు దగ్గర కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ సమీక్షలోనూ ఎఫ్‌సీఐ ప్రశ్నలు రాయడం లేదు. కింద చెప్పే ఉదాహరణలు పాఠ్యపుస్తకాల్లో, పరిశోధనల్లో ఎప్పటినుంచో ఉన్నవి.

పరీక్ష పెట్టే పద్ధతి తేలికే గానీ, చిన్న పొరపాటు చేసినా ఫలితం చెడుతుంది. మొదటి వారంలో, న్యూటన్ నియమాల ప్రస్తావన రాకముందే ఒకసారి పెట్టాలి. పాఠాలు ముగియబోయే వేళ, ప్రాక్టికల్స్ హడావుడి మొదలవకముందే అదే పేపరు మళ్లీ పెట్టాలి. పేపరు పైన ఎఫ్‌సీఐ అని గానీ పూర్తి పేరు గానీ రాయకూడదు, ‘మెకానిక్స్ సర్వే’ చాలు. పేరు కనబడితే ఆ సాయంత్రానికే గూగుల్‌లో వెతుకుతారు. ప్రశ్నపత్రాలకు ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు వేసి, వాటి మీద ఏమీ రాయొద్దని చెప్పి, జవాబులకు విడిగా అరకాగితం ఇవ్వండి. అయిపోయాక పేపర్లన్నీ లెక్కబెట్టి తీసుకున్నాకే తలుపు తెరవండి. అవే పేపర్లు చివర్లోనూ, వచ్చే ఏడాదీ పనికొస్తాయి. ఫోన్లు బ్యాగుల్లో ఉండాలి. జవాబులు చెప్పొద్దు, చర్చించొద్దు. సెమిస్టరు మధ్యలో ఎవరైనా వచ్చి అడిగినా చెప్పకూడదు, అందుకు కొంత ఓర్పు కావాలి.

మార్కుల సంగతి. సరైన జవాబుకు మార్కులు పెడితే కాపీ మొదలవుతుంది. అసలే పెట్టకపోతే చివరి పరీక్షకు సగంమంది రారు, వచ్చినవాళ్లు అయిదు నిమిషాల్లో గళ్లు నింపి వెళ్తారు. హాజరై మనసుపెట్టి రాసినందుకు ఇంటర్నల్‌లో ఒకటో రెండో మార్కులు ఇవ్వడం మధ్యేమార్గం. అందరూ ‘సి’ పెట్టి వెళ్లిన కాగితాలు, ఆరేడు నిమిషాల్లో ఇచ్చేసిన కాగితాలు పక్కన పెట్టేయండి.

అరవైమందికి ముప్పై ప్రశ్నలంటే ఎక్సెల్‌లో 1800 అక్షరాలు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొడితే ఒక పూటలో అయిపోతుంది. వరుసకొక విద్యార్థి, నిలువుకొక ప్రశ్న. రోల్ నంబరు బదులు మీకు మాత్రమే తెలిసిన కోడ్ వాడండి. తప్పో ఒప్పో అని కాకుండా విద్యార్థి పెట్టిన అక్షరమే ఎక్కించాలి. తొందరలో ఒకటి, సున్నా అని ఎక్కించేస్తే అసలు సరుకు అక్కడే పోతుంది. మొదటి పరీక్ష అరవైమంది రాసి, చివరిది యాభై ఇద్దరు రాసి, రెండూ రాసినవాళ్లు నలభై ఎనిమిదిమందే ఉంటే లెక్క ఆ నలభై ఎనిమిదిమందికే వేయాలి. మధ్యలో మానేసినవాళ్లలో వెనకబడ్డవాళ్లు ఎక్కువ. వాళ్లను మొదటి సగటులో ఉంచి చివరి సగటులో వదిలేస్తే కోర్సు ఉన్నదానికన్నా గొప్పగా కనబడుతుంది.

ఆ ఫైలును ఫిజ్‌పోర్ట్‌లోని డేటా ఎక్స్‌ప్లోరర్‌కు ఎక్కిస్తే ముందూ తర్వాతా సగటులు, మెరుగుదల, గ్రాఫులు అదే వేసిస్తుంది. మెరుగుదలను కొలిచే పద్ధతి అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ హేక్ వల్ల వాడుకలోకొచ్చింది. పెరిగిన శాతాన్ని, పెరగడానికి మిగిలున్న శాతంతో భాగించాలి. క్లాసు సగటు 35 నుంచి 55కు వెళ్తే పెరిగింది 20, మిగిలున్నది 65, మెరుగుదల సుమారు 0.31. ఇంకో క్లాసు 70 నుంచి 80కి వెళ్తే పెరిగింది పదే అయినా మెరుగుదల 0.33. వేర్వేరు స్థాయిల క్లాసులను పక్కపక్కన పెట్టి చూడటానికి ఇది పనికొస్తుంది. దీన్ని క్లాసు సగటుల మీదే వేయండి. ఒక్కో విద్యార్థికి వేసి సగటు తీస్తే, 90 నుంచి 80కి జారిన ఒక్కడి లెక్క మైనస్ ఒకటి అయి క్లాసు మొత్తాన్నీ కిందకి లాగుతుంది.

హేక్ 1998లో 62 కోర్సుల్లో 6,542 మంది ఫలితాలను కలిపి చూశారు. మామూలు లెక్చరు పద్ధతిలో నడిచిన 14 కోర్సుల్లో సగటు మెరుగుదల 0.23. విద్యార్థులు మాట్లాడుకుంటూ, ఊహించి చూస్తూ నేర్చుకున్న 48 కోర్సుల్లో 0.48. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ కూడా తన విద్యార్థులకు ఇలాంటి పరీక్ష పెట్టి చూశాకే లెక్చరు తగ్గించి, పక్కవాడితో వాదించి తేల్చుకునే పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతికి మళ్లారు. మీ క్లాసుకు 0.2 దగ్గర వస్తే నామోషీగా అనుకోకండి. లెక్చరు ఎంత బాగా చెప్పినా మామూలుగా వచ్చే అంకె అంతే.

ఇక కోర్సు మార్చేవాళ్లకు కావలసిన అసలు భాగం, తప్పు జవాబుల పంపిణీ. ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్ పెట్టి ప్రతి ప్రశ్నకూ ఎ నుంచి ఇ దాకా ఎంతమంది పెట్టారో పట్టిక వేయండి. రెండు ప్రశ్నలు తీసుకుందాం. రెండింటికీ అరవైమందిలో 14 మందే సరిగ్గా రాశారు. మొదటిదాంట్లో తప్పు జవాబులు 12, 11, 12, 11గా చెదిరాయి. రెండోదాంట్లో 34 మంది ఒకే తప్పు ఆప్షన్ పెట్టారు, మిగతావి 5, 4, 3. మార్కుల లెక్కలో రెండు ప్రశ్నలూ ఒకటే. మొదటిదాంట్లో పిల్లలకు ఏ అభిప్రాయమూ లేదు, ఊహించి పెట్టారు. ప్రశ్న అర్థం కాకపోయినా అలాగే వస్తుంది. అక్కడ ఒక మంచి పాఠం చెబితే చాలు. రెండోదాంట్లో 34 మందికి గట్టి నమ్మకం ఒకటుంది. సెమిస్టరు చివర అదే ఆప్షన్ మళ్లీ 31 మంది పెడితే, అరవై గంటల కోర్సు ఆ నమ్మకాన్ని తాకనే లేదన్నమాట. మీ కోర్సులో మొట్టమొదట గుర్తించాల్సిన భావన అక్కడుంది.

ఆ నమ్మకాలు ఎలా ఉంటాయో దగ్గరగా చూడాలి. నాణెం పైకి విసిరి, అది చేతిని వదిలి ఇంకా పైకి పోతున్నప్పుడు దాని మీద పనిచేసే బలాలు గీయమనండి. గాలి నిరోధం వదిలేయమనండి. చాలామంది కిందికి ఒక బాణం గీసి గురుత్వం అని రాస్తారు, పైకి ఇంకో బాణం గీసి ‘చేతి బలం’ అని రాస్తారు. పై బాణాన్ని కాస్త పొడుగ్గా గీస్తారు, లేకపోతే నాణెం పైకి ఎలా పోతుందని వాళ్ల వాదన. శిఖరం దగ్గర రెండు బాణాలూ సమానం చేస్తారు. జాన్ క్లెమెంట్ 1982లోనే ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఈ తప్పు గురించి రాశారు. గమనించాల్సిందేమిటంటే, ఈ విద్యార్థే పరీక్షలో ఎంత ఎత్తుకు పోతుందన్న లెక్కను త్వరణం మైనస్ 9.8 వేసి పూర్తి మార్కులకు చేస్తాడు. ఆ సమీకరణంలో చేతి బలానికి చోటు లేదని అతనికి తట్టదు. సమీకరణం ఒక అరలో, నమ్మకం ఇంకో అరలో ఉంటాయి. మన పేపర్లలో డెరివేషన్లు, లెక్కలు మాత్రమే అడుగుతాం కాబట్టి రెండో అర తలుపు ఎప్పుడూ తెరుచుకోదు.

ఇదే విద్యార్థి చివరి యూనిట్లో సరళ హరాత్మక చలనానికి వస్తాడు. స్ప్రింగుకు కట్టిన దిమ్మ మధ్యస్థానం దాటేటప్పుడు వేగం గరిష్ఠం, బలం సున్నా. చివరి కొసలో వేగం సున్నా, బలం గరిష్ఠం. కదలాలంటే బలం ఉండాలని నమ్మేవాడికి ఇది తలకిందుల లోకం. వాడు సైన్ ఫంక్షన్‌ను రెండుసార్లు అవకలనం చేసి సమీకరణం రాబడతాడు గానీ, కొసలో బలం ఎంత అంటే సున్నా అంటాడు. మనం ఆ యూనిట్‌కు ఇంకో రెండు గంటలు పెంచుతాం. లోపం ఉన్నది మొదటి యూనిట్లో, మందు వేస్తున్నది అయిదో యూనిట్లో.

కోర్సులో ఏది అవసరమో తేల్చే పద్ధతి దీన్నుంచే వస్తుంది. ఒక పెద్ద కాగితం మీద ఎడమవైపు నిలువునా భావనలు, పైన అడ్డంగా సిలబస్‌లోని టాపిక్కులు రాయండి. ఈ భావన లేకపోతే ఈ టాపిక్ బట్టీగా మారుతుందా అని గడిగడికీ అడగండి. అవునంటే గుర్తు పెట్టండి. చలనానికి బలం అక్కర్లేదు, చలనం మారడానికే కావాలన్న భావన ముందు వృత్తాకార చలనం, కేంద్రీయ బలాలు, జడత్వేతర చట్రాలు (నాన్-ఇనర్షియల్ ఫ్రేములు), సరళ హరాత్మక చలనం, అవరుద్ధ డోలనాలు (డ్యాంప్డ్ ఆసిలేషన్లు) అని అయిదు గుర్తులు పడతాయి. బలం ఎప్పుడూ రెండు వస్తువుల మధ్య జంటగా ఉంటుందన్న మూడో నియమం ముందు అభిఘాతాలు (ఢీకొనడాలు), రాకెట్ చలనం, ద్రవ్యరాశి కేంద్రం, దృఢ వస్తువు చలనం. బండి కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంటే బండి ఎలా కదులుతుందని అడిగి చూడండి. చర్య, ప్రతిచర్య వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయని, ఏ వస్తువును లెక్కలోకి తీసుకుంటున్నామో ముందే గీత గీసుకోవాలని తెలియనివాడు రాకెట్ సమీకరణాన్ని కూడా బట్టీ పట్టాల్సిందే.

ఇప్పుడు రూథర్‌ఫర్డ్ పరిక్షేపణ (స్కాటరింగ్) డెరివేషన్‌ను కూడా ఆ కాగితం మీద ఒక వరుసగా వేసి చూడండి. పరిక్షేపణ మధ్యచ్ఛేదం (క్రాస్ సెక్షన్) దాకా మొత్తం చేయడానికి బోర్డు మీద రెండు మూడు గంటలు పోతుంది. ఈ కోర్సులో దాని మీద ఆధారపడే టాపిక్ ఒక్కటీ లేదు. విషువత్తుల పురస్సరణ (భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మార్చుకోవడం) కూడా అంతే. అవి అందమైన భౌతికశాస్త్రమే, వాటిని చిన్నబుచ్చాల్సిన పని లేదు. రూథర్‌ఫర్డ్‌ను పరమాణు భౌతికశాస్త్రం పేపర్లోకి పంపితే అక్కడ దానికి గౌరవం పెరుగుతుంది. ఇక్కడ మిగిలిన గంటలు మొదటి రెండు భావనలకు చేరతాయి. అఫిలియేటెడ్ కాలేజీలో సిలబస్ మీద చేయి వేయలేకపోయినా గంటల పంపకం మీ చేతిలోనే ఉంది. డెరివేషన్‌ను మెట్లు మెట్లుగా రాసిన నోట్సు చేతికిచ్చి, ఒక గంటలో ముఖ్యమైన మలుపులు చెబితే సరిపోతుంది.

కాగితం మీద గుర్తులు లెక్కబెట్టడం ఒక్కటే చాలదు, దానికి ఇంకో జల్లెడ కావాలి. జాన్ మేయర్, రే ల్యాండ్ 2003లో ప్రతిపాదించిన ఆలోచన ఇక్కడ ఉపయోగపడుతుంది. వాళ్లు ‘థ్రెషోల్డ్ కాన్సెప్ట్’ అన్నదాన్ని తెలుగులో గడప భావన అనొచ్చు. గడప దాటాక ఇల్లు లోపలినుంచి కనబడుతుంది, మళ్లీ బయటివాడిలా చూడలేం. చూపు మార్చడం, ఒకసారి పట్టుబడితే మరిచిపోలేకపోవడం, విడివిడిగా ఉన్నవాటిని కలపడం, నేర్చుకునేటప్పుడు ఇబ్బంది పెట్టడం దాని లక్షణాలు. కెప్లర్ నియమాలు ముఖ్యమైనవే, కానీ వాటిని ఒప్పుకోవడానికి ఎవరూ ఇబ్బంది పడరు. జడత్వాన్ని ఒప్పుకోవడానికి పడతారు. అరవై గంటల కోర్సులో గడపలు నాలుగైదుకు మించి పెట్టుకోవద్దు. పదిహేను రాసుకొచ్చిన కమిటీ మళ్లీ సిలబస్‌నే రాసిందని అర్థం.

ఆ నాలుగైదు తేలాక, ఒక్కోదాన్ని మీరే ఎలా చేస్తారో విప్పి చెప్పడం ఇంకో పని. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో జోన్ మిడెన్‌డార్ఫ్, డేవిడ్ పేస్ ఏడు మెట్లుగా తీర్చిన డీకోడింగ్ పద్ధతి ఇదే చెబుతుంది. విద్యార్థులు ఇరుక్కునే చోటు ముందు గుర్తించాలి, ఆ చోట నిపుణుడు మనసులో ఏం చేస్తాడో బయటికి లాగాలి. దీనికి మీ సబ్జెక్టు తెలియని మనిషి కావాలి. కామర్స్ మేడమ్‌నో తెలుగు మాస్టారినో ఒక గంట కూర్చోబెట్టి, ఈ లెక్క చూడగానే మొదట ఏం చూస్తారు, ఆ తర్వాత, అదెలా తెలిసింది అని అడిగించుకోండి. ‘ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీస్తాం’ అనే ఒక్క వాక్యంలో, వస్తువును ఎంచుకోవడం, దాన్ని తాకుతున్నవన్నీ లెక్కపెట్టడం, తాకకుండా పనిచేసేది గురుత్వం ఒక్కటేనా అని చూసుకోవడం, ప్రతి బాణానికీ ‘ఎవరు ఎవరి మీద’ అని పేరు పెట్టడం అని నాలుగు పనులు దాగి ఉన్నాయని అప్పుడు బయటపడుతుంది. మనం క్లాసులో అయిదో పనైన బాణాలు గీయడం దగ్గర మొదలుపెడుతున్నాం. నాణెం మీద ‘చేతి బలం’ బాణానికి పేరు పెట్టమంటే, తాకని చేయి ఎలా నెడుతుందని విద్యార్థే ఆగి ఆలోచిస్తాడు.

ఇక లోపాలు. ఎఫ్‌సీఐకి వచ్చిన పేరు చూసి ఇది మెకానిక్స్ మొత్తం కొలుస్తుందనుకుంటే పొరపాటు. శక్తి నిత్యత్వం, ద్రవ్యవేగ నిత్యత్వం, భ్రమణ చలనం ఇందులో లేవు. శక్తి, ద్రవ్యవేగాలకు ఫిజ్‌పోర్ట్‌లోనే 25 ప్రశ్నల ఇంకో సర్వే ఉంది. విద్యుత్, అయస్కాంతత్వానికి 32 ప్రశ్నల సీఎస్‌ఈఎమ్ (కాన్సెప్చువల్ సర్వే ఆఫ్ ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజమ్) ఉంది. ఎఫ్‌సీఐలో లేదు కాబట్టి కోణీయ ద్రవ్యవేగం అవసరమైన భావన కాదని కోర్సులో తగ్గించేయడం ఘోరమైన పొరపాటు.

భాష ఇంకో చిక్కు. ప్రశ్నలు పొడుగ్గా, ఇంగ్లిషులో, అమెరికా సందర్భాలతో ఉంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి బలం దగ్గర తప్పాడో, వాక్యం దగ్గర తప్పాడో తేల్చుకోవాలి. దానికి రెండు ఆనవాళ్లున్నాయి. చివరి నాలుగైదు ప్రశ్నలు ఖాళీగా ఉంటే సమయం చాలలేదు. తప్పు జవాబులు చెదిరి ఉంటే ప్రశ్నే అందలేదేమో చూడాలి. మంచు మీద జారే హాకీ బిళ్ల లాంటివి మన పిల్లలకు కొత్త. పౌడరు చల్లిన క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ లాంటిదని పరీక్షకు ముందే ఒక మాట చెప్పండి. ప్రశ్నలో పదాలు మాత్రం మార్చొద్దు, మారిస్తే బయటి అంకెలతో పోల్చే హక్కు పోతుంది. తెలుగు చేయాల్సి వస్తే ఇద్దరు విడివిడిగా చేసి, తేడాలు సరిచూసి, పదిమందితో చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకున్నాకే వాడాలి. ముఖ్యంగా ‘బలం’ అన్న మాట మన వాడుకలో శక్తి, సత్తువ అన్నిటికీ వస్తుంది, అనువాదంలో ముందు తడబడేది అక్కడే.

కొన్ని ప్రశ్నలు అమ్మాయిలకు అన్యాయం చేస్తున్నాయని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. కాబట్టి మొత్తం మార్కులతో అమ్మాయిలను, అబ్బాయిలను పోల్చే పని పెట్టుకోవద్దు. అరవైమంది క్లాసులో ఒక్క ప్రశ్న శాతానికి అటూ ఇటూ సుమారు 13 పాయింట్ల అనిశ్చితి ఉంటుంది. ఒక బ్యాచ్‌లో 40 వచ్చి, మరుసటి ఏడాది 48 వస్తే కోర్సు బాగుపడిందని బోర్డుకు రాయకండి. రెండు మూడు బ్యాచ్‌లు కలిపి చూడాలి, లేదా ఒకే సిలబస్ నడుపుతున్న పక్క కాలేజీలతో పేపర్లు పంచుకోవాలి. ఫిజ్‌పోర్ట్ పోలికకు చూపే క్లాసులు ఎక్కువగా అమెరికావి. మన మూడు కాలేజీల పోలిక మనకు అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

ఈ అంకెను టీచరు పనితీరు కొలవడానికి వాడటాన్ని గట్టిగా వ్యతిరేకించాలి. అప్రైజల్‌లో చేరిన రోజు నుంచి ప్రశ్నలు క్లాసులో పాఠంగా మారతాయి, ఆ కాలేజీలో ఎఫ్‌సీఐ పని అక్కడితో సరి. అక్రెడిటేషన్ ఫైల్లో పెట్టడం వేరు, అది మంచిదే. మన ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) 2014లో, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందాక అవుట్‌కమ్ ఆధారాలు చూపడం ఇంజనీరింగ్ కాలేజీలకు రోజువారీ పనైంది. ఇంటర్నల్ మార్కుల సగటుతో సీఓ అటెయిన్‌మెంట్ (అవుట్‌కమ్ ఎంతవరకు అందిందన్న) లెక్కలు వేసే బదులు, ఏ అపోహ ఎంతమందిలో తగ్గిందో చూపే ఒక పట్టిక పెడితే దానికి ఎక్కువ బరువుంటుంది. అవుట్‌కమ్ కూడా యూనిట్ పేరుతో కాకుండా, ‘ఏ వస్తువు మీదనైనా పనిచేసే బలాలన్నీ గీసి, ప్రతి బలాన్నీ ఏ వస్తువు కలిగిస్తోందో చెప్పగలరు’ అని రాయగలుగుతారు.

వేరే సబ్జెక్టులవాళ్లకు ఇలాంటివి ఉన్నాయి గానీ ఇంత గట్టివి తక్కువ. స్టాటిక్స్‌కు కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పాల్ స్టీఫ్ తయారుచేసిన కాన్సెప్ట్ ఇన్వెంటరీ ఉంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌కు ఒకటి ఉంది. ఏదీ లేని సబ్జెక్టులో గత మూడేళ్ల జవాబు పత్రాల నుంచి యాభై తీసి, సున్నా మార్కులు పడ్డ చోట్లే చదవండి. ఒకే తప్పు పదిమంది దగ్గర కనబడితే అదే మీ మొదటి తప్పు ఆప్షన్.

మొదటిసారి పెట్టేవాళ్లు ఇంటర్నల్ పేపర్లో కూడా ఒక మార్పు చేయాలి. పాతిక మార్కుల్లో కనీసం అయిదు లెక్క లేని ప్రశ్నలకు కేటాయించండి: బాణాలు గీయండి, ఎవరు ఎవరి మీదో రాయండి, మీ జవాబుకు రెండు వాక్యాల్లో కారణం చెప్పండి. గంటలు మార్చి, పాఠం మార్చి, పేపరు పాతదే ఉంచితే విద్యార్థులు రెండో వారానికల్లా పాత గైడు తెరుస్తారు. చివరి పరీక్షకు తేదీని కూడా సెమిస్టరు మొదటి రోజే అకడమిక్ క్యాలెండర్లో, ప్రాక్టికల్స్ మొదలవడానికి కనీసం వారం ముందు వేయించి పెట్టుకోండి. ఆఖరి వారానికి వదిలేస్తే రికార్డుల హడావుడిలో సగం క్లాసు రాదు, మొదటి వారం పడిన కష్టానికి జత దొరకదు.